సగం గడ్డం, ఒక్క ఓటు

"పదకొండూ, పదకొండు!" అంది తూనీగ. "సమానం! ఇంకొక్క ఓటు కావాలి."

ఆదివారం పొద్దున. నాన్న సెలూన్‌లో కాలు పెట్టడానికి చోటు లేదు. గోడవారగా వేసిన బల్ల మీద ఐదుగురు కూర్చున్నారు. ఇద్దరు గుమ్మంలో నిలబడ్డారు. రేడియో ఒకటి తనపాటికి తను పాడుకుంటోంది. దాన్ని ఎవరూ వినడం లేదు.

తూనీగ అసలు పేరు బడి రిజిస్టరులో ఉంది. మిగతా అందరికీ ఆ పిల్ల తూనీగే. పదేళ్ళు వచ్చినా ఒకచోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. అన్నం తింటూ లేస్తుంది, లెక్క చేస్తూ లేస్తుంది. ఎవరైనా మాట మొదలుపెడితే అది పూర్తయ్యేలోపల తనే జవాబు చెప్పేస్తుంది.

ఇవాళ మరీ కాలు నిలవడం లేదు. రేపు బడిలో చర్చ ఉంది. "క్రికెట్ చరిత్రలో అందరికంటే గొప్ప బ్యాట్స్‌మన్ ఎవరు?" అన్నది విషయం. తూనీగది పొట్టాయన పక్షం. క్లాసులో ఎప్పుడూ ఫస్ట్ వచ్చే, అందరూ కళ్ళజోడు అని పిలిచే కుర్రాడిది ఎడంచేతాయన పక్షం. ఇద్దరు ఆటగాళ్ళకీ ఆ పేర్లు పెట్టింది క్లాసు పిల్లలే.

"బయట పెద్దవాళ్ళని అడిగి రండి," అంది టీచర్ శుక్రవారం నాడు. ఆ తరవాత ఇంకేదో కూడా అంది. అప్పటికే తూనీగ సంచీ భుజాన వేసుకుని గేటు దాటేసింది.

పేపర్లోంచి ఇద్దరి ఫొటోలూ కత్తిరించి రెండు అట్టముక్కల మీద అంటించింది. ఎవరు ఎవరి పేరు చెబితే ఆ అట్ట వెనకాల ఒక గీత. రెండు రోజుల్లో వీధి వీధంతా తిరిగింది. ఇప్పుడు రెండు అట్టల వెనకా పదకొండేసి గీతలున్నాయి.

"ఓట్లు కాదమ్మాయ్, ఆట చూడాలి!" అన్నాడు పోస్టుమామయ్య బల్ల మీంచి. ఆదివారం కదా, చేతిలో ఉత్తరాల సంచీ లేదు. ఆ చేతులు రెండూ బ్యాటు పట్టుకున్నట్టు ఊగుతున్నాయి. "మా ఎడంచేతాయన కవర్ డ్రైవ్ కొడితే బంతి వెంట ఎవడూ పరిగెత్తేవాడు కాదు. నిలబడి చూసేవాళ్ళు!"

"పరిగెత్తరు మరి! రోజూ రెండు రన్నులకే అవుటయ్యేవాడి వెంట ఎవడు పరిగెత్తుతాడు బావా?" అన్నాడు బేకరీ బాబాయ్, గడ్డం గోక్కుంటూ. రెండు రోజుల గడ్డం. ఓవెన్ ముందు నిలబడితే ఒకటే దురదని పొద్దున్నుంచీ గొణుగుతున్నాడు. "మా పొట్టాయన్ని చూడు. ఎత్తు బంతి రానీ, తక్కువ బంతి రానీ, ఒకటే ఆట."

"ఎండ కాస్తే ఒకటే ఆట. మబ్బు పట్టి బంతి తిరిగిందో, మీ పొట్టాయన పెవిలియన్‌లో టీ తాగుతూ..."

టక్.

నాన్న కత్తి తెరిచాడు.

పోస్టుమామయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. బేకరీ బాబాయ్ లేపిన వేలు గాల్లోనే ఉండిపోయింది. గుమ్మంలో ఎవరో రేడియో కట్టేశారు.

ఆ సెలూన్‌లో అదొక పద్ధతి. కటింగ్ జరుగుతున్నంతసేపూ ఎవరేం మాట్లాడుకున్నా నాన్న ఏమీ అనడు. కానీ గడ్డానికి నురుగు పట్టించి, మడతకత్తి తెరిచాడా, అందరూ నోళ్ళు మూసుకోవాల్సిందే. అద్దం పక్కన అట్ట మీద రాసి పెట్టాడు కూడా: కత్తి తెరిస్తే మాట బంద్. గడ్డం అయ్యాక మళ్ళీ టక్‌మని కత్తి మూస్తే, ఎక్కడ ఆగిన మాట అక్కడినుంచి మొదలు.

ఈ పద్ధతి పుణ్యమా అని నాన్న చేతిలో ఇరవై ఏళ్ళుగా ఒక్కరికీ గాటు పడలేదు. పక్క వీధుల్లోంచి కూడా గడ్డం కోసం ఇక్కడికే వస్తారు.

ఇప్పుడు కుర్చీలో ఉన్నది వాచీల తాతయ్య. ఒకప్పుడు వీధి చివర వాచీలు బాగుచేసేవాడు. చాలా తక్కువగా మాట్లాడతాడు. ఆయన ఓటు ఒక్కటే మిగిలింది. అడుగుదామంటే ఇందాకటిదాకా పేపరులో తల దూర్చాడు. తల పైకి తీశాడో లేదో, నాన్న కుర్చీలో కూర్చోబెట్టేశాడు.

ఒక గడ్డానికి పది నిమిషాలు పడుతుంది. తూనీగకి పది నిమిషాలంటే ఒక టెస్ట్ మ్యాచ్.

కుడికాలు మీద నిలబడింది. ఎడంకాలు మీద నిలబడింది. కిటికీ దాకా వెళ్ళి వచ్చింది. కత్తి తాతయ్య కుడిచెంప మీద సర్‌మని పాకుతోంది. ఎంత నెమ్మది! కుడిచెంప పూర్తయి గొంతు దగ్గరికి వచ్చింది. ఎడంచెంప మొత్తం ఇంకా నురుగులోనే ఉంది.

అప్పుడొచ్చింది ఉపాయం.

మాట్లాడకూడదనే కదా అట్ట మీద ఉంది? చూపించకూడదని లేదుగా!

తూనీగ చడీచప్పుడూ లేకుండా నాన్న వెనకాల ఉన్న పీట ఎక్కింది. ఒక చేత్తో పొట్టాయన్ని, ఇంకో చేత్తో ఎడంచేతాయన్ని పైకెత్తి పట్టుకుంది. అద్దంలోంచి తాతయ్య కళ్ళలోకి చూసి, 'ఎవరు?' అన్నట్టు కనుబొమలు ఎగరేసింది.

తాతయ్య చూశాడు.

ఆయన తల చిన్నగా ఎడమవైపు, పొట్టాయన వైపు, కదిలింది.

"అయ్యో!" అన్నాడు నాన్న.

తెల్లటి నురుగులో ఒక ఎర్రటి చుక్క కనిపించింది. చూస్తూండగానే అది సన్నని గీత అయింది.

తూనీగ పీట దిగి అట్టముక్కల్ని వెనక దాచుకుంది. నాన్న తాతయ్య మెడ చూసే పనిలో ఉన్నాడు కాబట్టి అద్దంలోకి చూడలేదు. బల్ల మీదివాళ్ళు నాన్న చేతినే చూస్తున్నారు. ఆ పిల్లని ఎవరూ చూడలేదు, ఒక్క తాతయ్య తప్ప.

నాన్న పటిక ముక్క తడిపి గాటు మీద అద్దాడు. ముఖం పాలిపోయింది. "నా చెయ్యి జారింది తాతయ్యగారూ. ఎలా జారిందో... క్షమించండి."

"నీ చెయ్యి కాదయ్యా. నా తల కదిలింది," అన్నాడు తాతయ్య.

"అది మీ మంచితనం," అన్నాడు నాన్న. ఆ మాట అంతటితో తోసేశాడు. మళ్ళీ కత్తి ఎత్తాడు. ఎత్తిన చెయ్యి వణికింది. కాస్త ఆగి ఇంకోసారి ఎత్తాడు. అప్పుడూ అంతే.

టక్. కత్తి మూసేశాడు.

"ఈ రెండో చెంప... రేపు చేస్తానండి. ఇవాళ నావల్ల కాదు."

తాతయ్య సగం గడ్డంతో లేచి, తుండుతో నురుగు తుడుచుకుని వెళ్ళిపోయాడు. పోతూ పోతూ గుమ్మం దగ్గర ఒక్కసారి తూనీగ వైపు చూశాడు.

కత్తి మూశాక కూడా ఎవరూ మాట్లాడలేదు. ఆ సెలూన్‌లో అలా జరగడం అదే మొదటిసారి.

"తరవాత మీరే కదా, రండి," అన్నాడు నాన్న బేకరీ బాబాయ్‌తో.

బేకరీ బాబాయ్ గడ్డం తడుముకున్నాడు. మెడ కూడా తడుముకున్నాడు. "నాకు ఇవాళ్టికి కటింగ్ చాలులేవోయ్. గడ్డం ఇంకో రెండ్రోజులు ఆగినా పరవాలేదు."

గుమ్మంలో నిలబడ్డ ఇద్దరూ పని గుర్తొచ్చిందంటూ మెల్లగా జారుకున్నారు.

తూనీగ మూలకి వెళ్ళి పొట్టాయన అట్ట వెనకాల ఒక గీత గీసింది. పన్నెండు. గెలిచేసింది! రెండు రోజులుగా ఆ గీత కోసమే తిరిగింది. అయినా ఎందుకో వెంటనే అట్ట తిప్పేసింది.

"నాన్నా..." అంది.

"ఏమ్మా?"

నాన్న అరచెయ్యి తిరగేసి చూసుకుంటున్నాడు.

"ఏం లేదు," అంది తూనీగ.

* * *

సాయంత్రం నాన్న నాలుగు బుడగలు తెచ్చాడు.

"ఇవి ఊదిపెట్టు తల్లీ."

తూనీగకి సంగతి తెలుసు. నాన్న పన్నెండేళ్ళప్పుడు పని నేర్చుకున్నది బుడగల మీదే. ఊదిన బుడగకి నురుగు పట్టించి, అది పగలకుండా కత్తితో నురుగంతా తీసెయ్యాలి. వంద బుడగలు పగలకుండా గీసేదాకా నాన్నని మనిషి మెడ దగ్గరికి రానివ్వలేదట. ఈ కథ నాన్న ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పాడు. ఇవాళ నవ్వడం లేదు.

తూనీగ బుగ్గలు నొప్పెట్టేలా ఊదింది. నాన్న కిటికీ దగ్గర కూర్చుని గీశాడు. మొదటి బుడగ బాగానే అయింది. రెండోది కూడా. మూడోది సగంలో ఉండగా... ఢాం!

నురుగంతా నాన్న, తూనీగ, పక్కన నిలబడ్డ అమ్మ, ముగ్గురి ముఖాల మీదా పడింది. ఇంకెప్పుడైనా అయితే తూనీగ నేల మీద దొర్లి దొర్లి నవ్వేది.

"దానికి గాలి ఎక్కువైంది," అంది అమ్మ, ముక్కు మీది నురుగు తుడుచుకుంటూ. లాండ్రీలో రోజంతా ఇస్త్రీ చేసి అప్పుడే వచ్చింది. "ఏమే, పగిలేదాకా ఊదావా?"

"లేదు," అన్నాడు నాన్న. "బాగానే ఊదింది. నా చెయ్యే." కత్తిని గుడ్డలో చుట్టాడు. "రేపటినుంచి కటింగులు మాత్రమే చేస్తాను. గడ్డాలు మానేస్తాను."

"ఒక్క గాటుకేనా?"

"గాటుకి కాదు." నాన్న చెయ్యి చాపి వెలుతురులో పట్టి చూసుకున్నాడు. "ఎందుకు జారిందో తెలియడం లేదు. కారణం తెలిస్తే ఇంకోసారి జాగ్రత్తపడతాం. ఏమీ లేకుండా దానంతటది జారిందంటే, ఇంకోసారి ఎవరి గొంతు మీదనో జారదని ఎలా అనుకోను?"

తూనీగ నాలుగో బుడగని చేతిలో పట్టుకుని నిలబడింది. మాట గొంతు దాకా వచ్చింది. ఎప్పుడూ అందరికంటే ముందు బయటపడే మాట ఇప్పుడు అక్కడే ఇరుక్కుంది. కాళ్ళు మాత్రం ఆగలేదు. వంటింట్లోకి వెళ్ళింది, వచ్చింది, మళ్ళీ వెళ్ళింది.

"బొంగరంలా తిరక్కు, కళ్ళు తిరుగుతున్నాయి," అంది అమ్మ.

తూనీగ బుడగ మూతి వదిలేసింది. గాలి తుస్సుమని పోయింది.

* * *

సోమవారం చర్చ మొదలైంది.

ముందు కళ్ళజోడు లేచాడు. తెచ్చినవి ఐదుగురి అభిప్రాయాలే. కానీ కాగితం నిండా రాసుకొచ్చాడు.

"మా పిన్ని ఎడంచేతాయనే గొప్ప అంది. ఎందుకంటే మిగతావాళ్ళంతా అవుటైపోయాక ఆయన ఒక్కడే నిలబడి ఆడేవాడట. మా ఇంటిపైన ఉండే లారీ డ్రైవర్ అంకుల్ మాత్రం ఇద్దరూ కాదన్నారు. పాతకాలంలో ఒకాయన ఉండేవారట, ఆయన సగటు వందకి వెంట్రుకవాసిలో ఆగిపోయిందట. హెల్మెట్లు లేని రోజులవి. నా పక్షానికి ఈ మాట పనికిరాదు. అయినా ఆయన అన్నారు కాబట్టి చెబుతున్నాను."

టీచర్ తల ఊపింది. "బాగుంది. ఇప్పుడు నువ్వు."

తూనీగ లేచి అట్టలు రెండూ పైకెత్తింది. "మా వీధిలో ఇరవైముగ్గుర్ని అడిగాను. ఎడంచేతాయనకి పదకొండు. పొట్టాయనకి పన్నెండు. మా పొట్టాయనే గెలిచాడు!"

పొట్టాయన పక్షం పిల్లలు బల్లలు చరిచారు.

"ఒక్క ఓటే కదా తేడా," అన్నాడు కళ్ళజోడు. "ఆ చివరి ఓటు ఎవరిది?"

"వాచీల తాతయ్యది."

"ఎవరూ, సగం గడ్డం తాతయ్యా?" వెనక బెంచీలో ఒకడు కిసుక్కుమన్నాడు. "పొద్దున పాలకి వెళ్తూ కనిపించాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లగా! వీళ్ళ నాన్న చెయ్యి వణికి గాటు పడిందటరా, అందుకే మధ్యలో వదిలేశాడట."

క్లాసంతా గొల్లుమంది.

"నిశ్శబ్దం!" టీచర్ డస్టర్‌తో బల్ల మీద కొట్టింది. తరవాత తూనీగ వైపు తిరిగింది. "తాతయ్య ఏమన్నారు? ఎందుకు పొట్టాయన గొప్ప అన్నారు? శుక్రవారం చెప్పానుగా, ఎందుకో కూడా రాసుకు రమ్మని. ఆయన మాటల్లోనే చెప్పు."

తూనీగ అట్టలు మెల్లగా దించింది.

"ఆయన... ఏమీ అనలేదు టీచర్."

"ఏమీ అనకుండా ఓటు ఎలా వేశారు?"

తూనీగ కింద చూసుకుంది. తన కాళ్ళు రెండూ కదలకుండా నిలబడి ఉన్నాయి. ఎప్పటినుంచి అలా ఉన్నాయో తెలియదు.

రబ్బరు తీసింది. పొట్టాయన అట్ట తిరగేసి, పన్నెండో గీత తుడిచేసింది. పెన్సిల్ గట్టిగా నొక్కి గీసిందేమో, ఎంత రుద్దినా మరక పూర్తిగా పోలేదు.

"ఈ ఓటు లెక్కలోకి రాదు టీచర్," అంది.

"ఏయ్, ఏంటే! గెలిచాం కదే!" అన్నారు ఆమె పక్షంవాళ్ళు.

తూనీగ వెనక బెంచీ వైపు తిరిగింది. "మా నాన్న చెయ్యి వణకదు," అంది.

"మరెందుకు తెగింది?"

"చెబుతాను. ముందు మా నాన్నకి చెప్పి వచ్చి చెబుతాను."

* * *

గంట కొట్టగానే ఒక్కటే పరుగు. సంచీ వీపు మీద దబదబా కొట్టుకుంటోంది. బేకరీ దాటింది, లాండ్రీ దాటింది. సెలూన్ గుమ్మం దగ్గర ఒకతను ఎదురొచ్చాడు.

"గడ్డం చెయ్యరా? ఎప్పటినుంచి?" అంటున్నాడు లోపలికి చూస్తూ.

"ఇవాళ్టినుంచేనండి. పక్క వీధిలో చేస్తారు," అంటున్నాడు నాన్న.

అతను వెళ్ళిపోయాడు. లోపల నాన్న పోస్టుమామయ్యకి జుట్టు కత్తిరిస్తున్నాడు. బేకరీ బాబాయ్ బల్ల మీద కూర్చుని, మూడు రోజుల గడ్డాన్ని రెండు చేతులా గోక్కుంటున్నాడు. ఆ పక్కనే వాచీల తాతయ్య పేపరు చదువుతున్నాడు. ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లగా.

ఏమని మొదలుపెట్టాలి? దారి పొడుగునా ఎన్నో మాటలు అనుకుంది. ఇప్పుడు ఒక్కటీ గుర్తు లేదు.

తూనీగ సంచీ పక్కన పడేసి, నాన్న వెనకాల పీట ఎక్కింది. రెండు అట్టలూ పైకెత్తి పట్టుకుంది, నిన్నటిలాగే.

"నాన్నా, అద్దంలోకి చూడు."

నాన్న తల ఎత్తాడు. అద్దంలో కూతురు కనిపించింది. రెండు చేతుల్లో రెండు ఫొటోలు. కళ్ళ నిండా నీళ్ళు.

"నిన్న ఇలా నిలబడ్డాను. నువ్వు తాతయ్యగారి గొంతు దగ్గర గీస్తున్నప్పుడు. మాట్లాడకూడదు కదా అని ఇవి చూపించాను. ఎవరు గొప్ప అని అడిగాను. ఆయన నన్ను చూసి తల కదిపారు. నీ చెయ్యి జారలేదు నాన్నా. అసలు జారనే లేదు."

కత్తెర ఆగిపోయింది. నాన్న తాతయ్య వైపు తిరిగాడు. "నిజమేనా అండీ?"

"నిన్నే చెప్పానుగా, నా తల కదిలిందని," అన్నాడు తాతయ్య పేపరు మడుస్తూ. "నీకు మంచితనం వినిపించింది కానీ మాట వినిపించలేదు."

నాన్న ముఖం ఎర్రబడింది. "ఎంత పని చేశావో తెలుసా నీకు?" గొంతు పెద్దదైంది. ఆ సెలూన్‌లో నాన్న గొంతు పెంచగా ఎవరూ వినలేదు. "ఇంకొక్క వెంట్రుకవాసి లోపలికి దిగి ఉంటే? అద్దం పక్కన ఆ అట్ట పెట్టింది మాటల కోసమా? మనిషి కదలకుండా ఉండడం కోసం! ఆ మాత్రం తెలియదూ? పైగా నిన్న సాయంత్రం నేను చెయ్యి చూసుకుంటూ కూర్చుంటే, పక్కన నిలబడి బుడగలు ఊదావు!"

"తెలుసు," అంది తూనీగ. చేతులు దించలేదు. "చెబుదామనుకున్నాను. రాలేదు."

సగం కటింగ్‌తో పోస్టుమామయ్య అద్దంలో తన తలని తనే చూసుకుంటున్నాడు.

నాన్న మెల్లగా కత్తెర పక్కన పెట్టాడు. కుడిచెయ్యి చాపాడు. వేళ్ళు విప్పి పట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. చెయ్యి గోడకి కొట్టిన మేకులా నిలబడింది.

"అయితే జారలేదన్నమాట," అన్నాడు. గొంతులో కోపం ఇంకా ఉంది. దాని అడుగున నవ్వు లాంటిది ఏదో ఉంది.

"పీట దిగు ముందు," అన్నాడు కూతురితో.

తాతయ్య లేచాడు. "ఈ పోస్టాయన తల సంగతి త్వరగా తేల్చి, నన్ను కూర్చోబెట్టవయ్యా. నిన్నటినుంచీ మా ఇంటి అద్దంలో ఇద్దరు మనుషులు కనిపిస్తున్నారు. ఎవరిని పలకరించాలో తెలియడం లేదు."

బేకరీ బాబాయ్ పకపకా నవ్వాడు. నాన్న సొరుగు లాగి, గుడ్డలో చుట్టిన కత్తి బయటికి తీశాడు.

పోస్టుమామయ్య కటింగ్ ముగిసింది. తాతయ్య కుర్చీలో కూర్చున్నాడు. ఎడంచెంపకి నురుగు పట్టింది.

టక్.

తూనీగ రెండు అట్టల్నీ బల్ల మీద బోర్లా పెట్టి, వాటి మీద కూర్చుంది. రెండు చేతుల్నీ కూడా తొడల కింద పెట్టుకుంది. అద్దం వైపు చూడలేదు. కత్తి సర్‌మని పాకడం వింటూ, నేల మీద ఉన్న వెంట్రుకల్ని చూస్తూ కూర్చుంది. ఎంతసేపో అనిపించింది.

టక్.

నాన్న తడిగుడ్డతో తుడిచాడు. రెండు చెంపలూ నున్నగా మెరిశాయి. ఒక్క గీత కూడా లేదు.

తాతయ్య వచ్చి తూనీగ పక్కన కూర్చున్నాడు. "ఇంతకీ నా ఓటు ఎవరికి వేసుకున్నావ్?"

"పొట్టాయనకి. మీరు అటే తల కదిపారు కదా. కానీ తుడిచేశాను."

"అటు కదిపానా?" తాతయ్య నవ్వాడు. "ఓటు కాదే పిచ్చిపిల్లా. 'వద్దు, దిగు' అని తల అడ్డంగా ఊపబోయాను. అటు వెళ్ళింది కానీ, ఇటు వచ్చేలోపల గాటు పడింది. నీకు సగమే కనిపించింది."

పోస్టుమామయ్య తొడ చరుచుకున్నాడు. "చూశావా బావా! మీ పొట్టాయనకి పడ్డ ఓటు అదీ!"

"నీ ఎడంచేతాయనకి అదీ పడలేదుగా," అన్నాడు బేకరీ బాబాయ్. కాసేపు అటూ ఇటూ చూశాడు. గొంతు సవరించుకున్నాడు. "ఏమోయ్, నా గడ్డం కూడా చేసెయ్యరాదూ? దురదతో ప్రాణం పోతోంది. నిన్న ఏదో... పనుండి..."

"రండి రండి," అన్నాడు నాన్న, తెల్లగుడ్డ దులుపుతూ.

బేకరీ బాబాయ్ వెళ్ళి కూర్చున్నాడు. నాన్న బ్రష్‌తో నురుగు గిలకొట్టడం మొదలుపెట్టాడు.

తూనీగ సంచీలోంచి నోటుబుక్కు తీసి కొత్త పేజీ తెరిచింది. "ఇప్పుడు చెప్పండి తాతయ్యా. అందరికంటే గొప్ప బ్యాట్స్‌మన్ ఎవరు? ఎందుకో కూడా చెప్పండి. మీరు ఎలా చెబితే అలాగే రాసుకుంటాను."

తాతయ్య ఆలోచించాడు. చాలాసేపు ఆలోచించాడు. తూనీగ నాలుక చివరికి 'పొట్టాయనేనా?' అని వచ్చింది. పెదాలు బిగించి ఆపుకుంది.

"మీరెవరూ ఆయన పేరు విని ఉండరు," అన్నాడు చివరికి. "నేను ఆయన ఆట ఒక్కసారే చూశాను. నీకంటే చిన్నవాణ్ణి. బంతి దగ్గరికి వచ్చేదాకా మనిషి ఒంట్లో ఒక్క వేలు కదిలేది కాదు. అసలు చూశాడా లేదా అనిపించేది. అందరూ అయిపోయిందని ఊపిరి బిగబట్టేవాళ్ళు. సరిగ్గా అప్పుడు..."

పోస్టుమామయ్య ముందుకి వంగాడు. తూనీగ పెన్సిల్ గబగబా పరిగెత్తుతోంది.

"ఆయన పేరు..."

టక్.

తూనీగ తల ఎత్తింది. నాన్న చేతిలో కత్తి తెరిచి ఉంది. బేకరీ బాబాయ్ గొంతు పైకెత్తి ఉంది.

తూనీగ చటుక్కున చెయ్యి ఎత్తి, తాతయ్యని ఆగమంది.

తాతయ్య ఆ పేరుని పెదాల మీదే ఆపేశాడు. పోస్టుమామయ్య బతిమాలుతున్నట్టు చూశాడు. తూనీగ కళ్ళు పెద్దవి చేసి, వేలు పెదాల మీద పెట్టుకుంది. ఆయన మెల్లగా వెనక్కి వాలాడు.

బల్ల కింద ఆమె కాళ్ళు రెండూ ఊగుతున్నాయి. ఒక పాదాన్ని ఇంకో పాదంతో గట్టిగా నొక్కి పట్టుకుంది.

పేరు రాయాల్సిన చోట పెన్సిల్ మొన ఆనించి, కత్తి సర్‌మని పాకడం వింటూ కూర్చుంది.